టామ్ సాయర్ ఊరిలో రెండు దినములు

వేసవి వచ్చినదనగా మన వైపు నుండి అమెరికాకు పోవు పెద్దల సంఖ్య ఏటేటా పెరుగుచున్నది. కొడుకో కూతురో అచ్చట ఉద్యోగము చేయుచుందురు. మనుమలను చూచుకొనుటకు తల్లిదండ్రులు పోయి ఆరు నెలలుండి వత్తురు. వారికి నయాగరా జలపాతమును, న్యూయార్కు మేడలను, వాషింగ్టనులోని శ్వేతసౌధమును చూపుట ఆచారమైపోయినది. ఆ మూడును ముగిసిన పిదప మిగిలిన దినములు కిటికీ యొద్ద కూర్చుండి గడపవలసినదే. బిడ్డల కాపురము దేశమునకు నడుమనున్న ఇల్లినాయ్, మిస్సోరి, అయోవా వంటి రాష్ట్రములలోనైనచో ఇక చెప్పనక్కరలేదు. "ఇక్కడ చూడ్డానికేముంది మామయ్యగారూ, మొక్కజొన్న చేలు తప్ప!" అని సెయింట్ లూయిస్ నగరములో మా అల్లుడు నాతో అనెను.

నేను ముప్పది సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు బోధించి విశ్రాంతి తీసుకొనినవాడను. ఆ ముప్పది ఏండ్లలో 'టామ్ సాయర్' సంక్షిప్త ప్రతిని ఉపవాచకముగా ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్క లేదు. మిసిసిపి నదిని కంట చూడకయే దాని రేవును, కొండను, గుహను నల్లబల్ల మీద పటము గీచి చూపినవాడను. కనుక అల్లుని మాటకు బదులుగా, "హానిబల్ ఇక్కడికి ఎంత దూరం బాబూ?" అని అడిగితిని. అతడు చేతిఫోనులో చూచి, "రెండు గంటలండీ. అక్కడేముంది?" అనెను. ఆ నగరములో పదునొకండు సంవత్సరములుగా కాపురమున్నవాడు! తప్పు అతనిది కాదు. విజయవాడలో పుట్టి పెరిగి ఉండవల్లి గుహలను చూడనివారిని నేను పలువురను ఎరుగుదును.

జులై మాసములో ఒకనాటి ఉదయమున పులిహోర, పెరుగన్నము, రెండు పెద్ద సీసాల మంచినీళ్లు కారులో పెట్టుకొని అల్లుడు, అమ్మాయి, ఏడవ తరగతికి రాబోవుచున్న మనుమరాలు, నేను, మా ఇంటావిడ ఐదుగురమును బయలుదేరితిమి. 61వ సంఖ్య గల రాజమార్గము ఉత్తరముగా పోవును. దారికి ఇరుప్రక్కలను అల్లుడు చెప్పిన మొక్కజొన్న చేలే. ఆ దృశ్యము నాకు విసుగు పుట్టింపలేదు గాని, గంటసేపటికి మా ఇంటావిడ నిద్రపోయినది.

హానిబల్ మిస్సోరి రాష్ట్రమునకు ఈశాన్యపు కొసన, మిసిసిపి పడమటి గట్టున నున్న చిన్న పట్టణము. ఊరు 1819లో వెలసినది. పేరు మాత్రము రోమకులను గడగడలాడించిన ప్రాచీన కార్తేజి సేనానిది. 2020 జనాభా లెక్కలలో ఇచ్చటి వారు పదునేడు వేల చిల్లర. మన తాలూకా కేంద్రము కన్న చిన్నది. ఉత్తరమున ఒక సున్నపురాతి కొండ, దక్షిణమున మరియొకటి, ఆ రెండింటి నడుమ లోయలో పాత ఊరు, ఎదుట నది, నది కావల ఇల్లినాయ్. చికాగో నుండి వచ్చువారికి ఇచ్చటికి నేరుగా రైలు లేదు. ఇల్లినాయ్ లోని క్విన్సీ వరకు రైలులో వచ్చి, అచ్చటినుండి ఇరువది మైళ్లు కారులో పోవలెను. కారు లేనివారికి అమెరికాలో ఏ చిన్న ఊరును అందదు.

శామ్యూల్ క్లెమెన్స్ అను బాలుడు నాలుగేండ్ల వయసున, 1839లో, తలిదండ్రులతో ఈ ఊరికి వచ్చెను. 1853లో పదునేడేండ్ల వయసున పొట్టకూటికై ఊరు విడిచెను. నడుమ గడచిన పదునాలుగు సంవత్సరములే తరువాత మార్క్ ట్వైన్ అను పేరుతో అతడు వ్రాసిన రెండు గొప్ప పుస్తకములకు మూలధనము. 1876లో 'టామ్ సాయర్' వెలువడినది. 1884లో ఇంగ్లండులోను, మరుసటి ఏట అమెరికాలోను 'హకల్‌బెరీ ఫిన్' వెలువడినది. నందూరి రామమోహనరావుగారి అనువాదముల పుణ్యమా యని ఆ బాలురిద్దరును మన పిల్లలకు తెనుగు మాటలాడు నేస్తములైరి. అతని మరియొక కథ 'రాజు-పేద' 1954లో తెలుగు చలనచిత్రముగా వచ్చినదని నేను చెప్పగా మనుమరాలు నమ్మలేదు. ఫోనులో వెదకి చూచుకొనిన తరువాతనే నమ్మినది.

హిల్ వీథిలోని ఆ ఇల్లు రెండంతస్తుల తెల్లని చెక్క ఇల్లు. మన కండ్లకు గూడుగా తోచును. 1912లో ఆ ఊరి న్యాయవాది ఒకరు, ఆయన భార్య కలిసి దానిని కొని పట్టణమునకు దానము చేసిరి. నాటినుండి అది ప్రదర్శనశాల. ఒకే టిక్కెట్టుపై ఆ ఇల్లు, ఎదుటి వీథిలో 'బెకీ థాచర్' ఇల్లు, తండ్రి న్యాయము తీర్చిన గది, హక్ ఫిన్ కు మాతృకయైన టామ్ బ్లాంకెన్‌షిప్ ఇల్లు మొదలగునవన్నియు చూడవచ్చును. చివర చెప్పినది అసలు ఇల్లు కాదు. అసలుది 1911లో కూలగొట్టబడగా, దాని రూపునే ఇటీవల మరల కట్టిరి. మెయిన్ వీథిలోని మేడలో నార్మన్ రాక్‌వెల్ ఈ రెండు పుస్తకములకు వేసిన వర్ణచిత్రములున్నవి. బొమ్మలు వేయు అలవాటున్న పిల్లలను అచ్చటికి ముందుగా తీసికొనిపోవలెను. కాళ్లు నొప్పి పుట్టిన తరువాత బొమ్మలు కనబడవు.

అందరును నిలిచి ఛాయాచిత్రము తీయించుకొనునది ఇంటి ప్రక్కనున్న దడి యొద్ద. దండనగా విధింపబడిన పనిని వేడుకగా నటించి, ఊరి పిల్లలందరిచేతను ఆ దడికి వెల్ల వేయించి, పైగా వారి యొద్దనే గాజుబిళ్లలు, గాలిపటములు పుచ్చుకొనిన టామ్ కథ తెలియని వారెవ్వరు? ఏటేటా జులై నాలుగవ తేదీ స్వాతంత్ర్యోత్సవము నాటికి ఇచ్చట దడికి వెల్ల వేయు పందెము జరుగును. వేగము ఒక్కటే చాలదు. వేషమును, పనితనమును కూడ చూచి బహుమతి నిత్తురు. అంతకన్న నాకు నచ్చినది మరియొకటి. 1956 నుండి ఆ ఊరిలో ఏడవ తరగతి బాలబాలికలను కొందరిని 'టామ్', 'బెకీ'లుగా ఎన్నుకొనుచున్నారు. పుస్తకమును, ఊరి చరిత్రను చదివి పరీక్షకు నిలిచినవారికే ఆ వేషము లభించును. ఎన్నికైన జంటలు ఏడాది పొడవున ఊరికి రాయబారులు. వచ్చిన అతిథులకు వీథిలో కథాఘట్టములను అభినయించి చూపుదురు. మేము పోయిననాడు చినిగిన లాగు, గడ్డిటోపీతో, పాదరక్షలు లేక వచ్చిన టామ్ మాటలను తడుముకొనకుండ పలికెను. ఆట ముగిసిన మరుక్షణమే జేబులోనుండి ఫోను తీసి చూచుకొనెను. పాఠమును పుస్తకముగా కాక ఊరి బరువుగా భుజముపై నెత్తుకొనిన పిల్లలను నేను అంతకు ముందు చూచియుండలేదు.

తండ్రి కూర్చుండిన న్యాయస్థానపు గది చాల చిన్నది. కాని దానిని గూర్చి మార్క్ ట్వైన్ చెప్పిన ఒక ముచ్చట కలదు. బడి ఎగగొట్టిన ఒకనాటి రాత్రి ఇంటికి పోవ భయపడి అతడు ఆ గదిలో దూరి పండుకొనెను. చీకటిలో నేల మీద ఏదో ఆకారము కనబడినది. వెన్నెల మెల్లగా ప్రాకి వచ్చి మొదట ఒక చేతిని, పిదప ముఖమును, పిమ్మట రొమ్మున కత్తిపోటును చూపినది. పగటిపూట తగవులో పొడువబడి, ఆ గదికి మోసికొని రాబడి, అచ్చటనే ప్రాణము విడిచినవాని శవమది! కిటికీగుండ దూకితినని, కిటికీ చట్రమును కూడ వెంట తీసికొనిపోతినని ఆయన వ్రాసెను. చట్రముతో పని లేకున్నను, విడిచిపెట్టుట కన్న తీసికొనిపోవుటయే సులువుగా తోచినదట. నవ్వులాటగా చెప్పినమాటయే గాని, ఆ ఊరిలో పిల్లలు చూడదగని వాటిని చూచుచు పెరిగిరనుటకు అదొక సాక్ష్యము. ఆ సంగతి మరల వచ్చును.

ఉత్తరపు కొండకు పుస్తకములోని పేరు కార్డిఫ్ కొండ. దాని పాదమున టామ్, హక్ ఇరువురి కంచు విగ్రహము 1926లో నిలిపిరి. కథలలోని పాత్రలకు విగ్రహము లెత్తుట ఆ దేశమున అప్పటికి అరుదు. పైన నున్న దీపస్తంభము ఏ ఓడకును దారి చూపినది కాదు. 1935లో రచయిత శతజయంతికి గురుతుగా కట్టినది. పైకి 244 మెట్లు. మనుమరాలు లెక్కించుచు ఎక్కినది; మేము పెద్దలము విగ్రహము నీడలో కూర్చుండి ఆమె లెక్కను నమ్మితిమి.

ఎండ ముదిరిన వేళ గుహకు పోవుట మంచిది. ఊరికి దక్షిణముగా మైలు దూరమున కొండ కడుపులో నున్నది ఈ గుహ. ఏడాది పొడవునను లోపల 52 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా మన లెక్కన 11 డిగ్రీల చలి. బయట చెమటలు క్రక్కుచు వచ్చినవారము లోపల అడుగిడగానే శాలువలకై తడుముకొంటిమి. 1819-20 చలికాలమున ఒక వేటగాడు దీనిని కనుగొనెననియు, 1886 నుండి మార్గదర్శకులు రుసుము తీసికొని చూపుచున్నారనియు చెప్పుదురు. నేటికిని ఒంటరిగా పోనీయరు. దారి చూపువాని వెంట గంటసేపు నడువవలెను.

మన బొర్రా గుహలను చూచినవారు అట్టి వింత ఆకారములను, వ్రేలాడు రాతి ఊడలను ఇచ్చట ఆశింపరాదు. ఇది చిక్కుముడి. పలుచని సున్నపురాతి పొరలు పుస్తకములు దొంతర పేర్చినట్లు ఇరువైపుల నిలిచియుండును. వాని నడుమ సన్నని సందులు ఒకదానినొకటి ఖండించుకొనుచు అన్ని దిక్కులకు పోవును. నాలుగు మలుపులు తిరిగిన తరువాత మేము వచ్చిన దారి ఏదో నాకు తెలియలేదు. దారి చూపు యువకుడు ఒకచోట మమ్ము నిలిపి దీపములు ఆర్పెను. ఆ చీకటిలో నా చేయి నాకు కనబడలేదు. మనుమరాలు నా చొక్కా కొస పట్టుకొనినది. టామ్, బెకీలు చివరి కొవ్వొత్తి ఆరిపోవుట చూచిన ఘట్టమును ఎన్నిమారులు తరగతిలో చదివితిని! పిల్లలు నిశ్శబ్దముగా వినుటయే చాలునని, గొంతు తగ్గించి చదువుటయే బోధన యని తలచితిని. పది క్షణములు దీపమార్పిన ఆ కుర్రవాడు నా కన్న బాగుగా చెప్పెను.

గోడల నిండ పేర్లు. కొవ్వొత్తి మసితో, సీసపుబలపముతో, కత్తిమొనతో తరతరముల వారు తమ పేర్లు వ్రాసిరి. 1879 తేదీతో జెస్సీ జేమ్స్ అను పేరుపొందిన దారిదోపిడి దొంగ వ్రాలును చూపుదురు. ఇప్పుడు వ్రాయుట నిషిద్ధము. 1972లో ఈ గుహను జాతీయ ప్రకృతి చిహ్నముగా ప్రకటించిరి. ఇన్ని పేర్లలో ఊరివాడైన శామ్యూల్ పేరు మాత్రము ఎంత వెదకినను కానరాలేదు. చివరకు 2019లో సీసపుబలపముతో వ్రాసిన 'క్లెమెన్స్' అను అక్షరములు బయటపడినవి. గోడ పాడుచేసినందుకు ఏ ఉపాధ్యాయుడును అతనిని శిక్షింపనందుకు ఇప్పుడు సంతోషించుచున్నారు!

ఒకప్పుడు ఈ గుహ మెక్‌డోవెల్ అను వైద్యునిది. మరణించిన తన కుమార్తె దేహమును రాగి గొట్టములో నుంచి ఆయన ఈ గుహలో భద్రపరచెనని, ఊరి అల్లరిమూకలు మూత తీసి ఆ బాలిక ముఖమును చూచెడివారని మార్క్ ట్వైన్ వ్రాసెను. ఆమెకు పదునాలుగేండ్లు. దారి చూపువాడు ఈ కథ చెప్పునపుడు కొందరు నవ్విరి. మా అమ్మాయి కూతురిని దగ్గరకు తీసికొనినది.

నది యొడ్డునకు పోవుటకు కరకట్టలోని పెద్ద ద్వారమును దాటవలెను. భద్రాచలము కరకట్టను ఎరిగినవారికి దాని అర్థము వెంటనే బోధపడును. ఇచ్చట నీరు 16 అడుగులు చేరినచో వరదగా ఎంచుదురు. 1993 జులైలో 31.8 అడుగులకు ఎక్కినది. అంతకు కొలదికాలము ముందే పూర్తియైన కరకట్ట ద్వారములను మూసి పాత ఊరిని కాపాడుకొనిరి. కట్టపై నిలిచి చూచినచో ఒకవైపు నది, మరియొక వైపు ఆ తెల్లని ఇల్లు. రెండింటికి నడుమ ఒక గోడ. బాలుడైన శామ్యూల్ కు ఆ గోడ లేదు. ఇంటి ముంగిట నిలిచి పడవ పొగను చూచెడివాడు.

రేవులో మార్క్ ట్వైన్ పేరు పెట్టిన పడవ గంటసేపు నది మీద త్రిప్పి తెచ్చును. చలికాలమున నడువదు. ఊరి పిల్లలందరికి ఆ రోజులలో ఒకే కోరిక: ఆవిరిపడవ నడుపువాడు కావలెనని. శామ్యూల్ ఆ కోరికను తీర్చుకొని 1859లో అనుమతిపత్రము పొందెను. ఆ విద్యలోనుండియే అతని కలము పేరు పుట్టినది. లోతు కొలుచు త్రాడును నీటిలో విడిచి, రెండు నిలువుల లోతు, అనగా పండ్రెండు అడుగులు తేలినపుడు సరంగులు 'మార్క్ ట్వైన్' అని కేక వేసెడివారు. ఇక పడవకు భయము లేదని అర్థము. ఈ వృత్తిలోనికి తమ్ముడు హెన్రీని కూడ తీసికొనివచ్చినవాడు ఇతడే. 1858లో ఆవిరిపాత్ర ప్రేలి హెన్రీ మరణించెను. ఆ అపరాధమును అన్న జీవితాంతము తనపైననే వేసికొనెను. హెన్రీ సమాధి ఊరి శ్మశానవాటికలో తలిదండ్రుల సరసను కలదు.

రివర్‌వ్యూ ఉద్యానము మధ్యాహ్న భోజనమునకు తగిన చోటు. నదిని చూచుచు నిలిచిన మార్క్ ట్వైన్ విగ్రహము 1913 నాటిది. చెట్ల నీడలో పులిహోర పొట్లము విప్పగా ఒక ఉడుత మా యొద్దనుండి కదలలేదు. దక్షిణపు కొండకు 'ప్రేమికుల దూకుడు' అను పేరు. ఆదివాసి ప్రేమికుల కథ ఒకటి చెప్పుదురు; మిసిసిపి పొడవున ఇట్టి కొండలు యాభై ఉన్నవని మార్క్ ట్వైనే వేళాకోళము చేసెను. మన వైపు ప్రతి గుట్టపైనను భీముని అడుగు కనబడుట లేదా? టైటానిక్ ఓడ మునిగినపుడు బ్రతికి బయటపడి పేరుపొందిన మాలీ బ్రౌన్ 1867లో పుట్టిన చిన్న ఇల్లును, కలప వ్యాపారమున గడించిన ఒక ధనికుని రాక్‌క్లిఫ్ మేడను కూడ చూడవచ్చును. మేడలు చూచుట నాకు అంతగా పట్టదు.

రాత్రి ఊరిలోనే ఒక బసలో గడపి మరునాడు చూచినది వేరొక హానిబల్.

ఇల్లు, దడి, గుహ, పడవ: ఈ నాలుగింటిని చూచి తిరిగిపోవువారు బాల్యమును చూచిపోవుదురు. ఎవరి బాల్యము? మిస్సోరి బానిసత్వము చెల్లుబాటైన రాష్ట్రముగా 1821లో అమెరికా సమాఖ్యలో చేరినది. నది కావలి ఇల్లినాయ్ స్వేచ్ఛా రాష్ట్రము. కట్టపై నుండి కంటికి కనబడు ఆ ఆవలి గట్టు ఒక బాలునికి ఈతకు పోవు చోటు; మరియొకనికి ప్రాణము లొడ్డి చేరవలసిన దేశము. 1841లో బానిసలు పారిపోవుటకు సాయపడబోయిన ముగ్గురు ఇల్లినాయ్ వారికి పండ్రెండేండ్ల శిక్ష పడినది. ఆ తీర్పు చెప్పిన పంచాయతీదారులలో శామ్యూల్ తండ్రి ఒకడు.

ఈ సంగతిని ఊరు చాలకాలము పలుకలేదు. బానిసల సంతతికి చెందిన ఒక స్థానిక మహిళ పూనికతో 2013లో 'జిమ్స్ జర్నీ', అనగా 'జిమ్ ప్రయాణము' అను చిన్న ప్రదర్శనశాల ఒక పాత రాతి ఇంటిలో వెలసినది. చిన్న సంస్థ గనుక తెరచియుండు వేళలు ముందుగా కనుగొని పోవుట మేలు. లోపల ఊరి నల్లవారి కుటుంబముల పాత ఛాయాచిత్రములు, పనిముట్లు, వర్ణభేదము పాటించిన కాలమున నల్లపిల్లలకు ప్రత్యేకముగా నడచిన డగ్లస్ పాఠశాల జ్ఞాపకములు ఉన్నవి. పాఠశాల చిత్రముల యొద్ద నేను చాలసేపు నిలిచితిని. వరుసలు తీరి నిలిచిన పిల్లలు, కొసన గంభీరముగా ఉపాధ్యాయులు. ఇట్టి చిత్రములు మా ఇంటి పెట్టెలోను ఉన్నవి.

'హకల్‌బెరీ ఫిన్'లో పారిపోవు బానిసయైన జిమ్ కు మాతృక డానియల్ క్వార్ల్స్. మార్క్ ట్వైన్ పినతండ్రి వరుసయైన జాన్ క్వార్ల్స్ పొలములో అతడు బానిస. వేసవి సెలవులలో పిల్లలు అతని చుట్టు చేరి దయ్యపు కథలు వినెడివారు. 1855లో అతనికి విముక్తి కలిగెను. జిమ్ ను పట్టియిచ్చుటకు చేయి రాని హక్ కు కూడ ఊరిలో ఒక మాతృక కలదు. టామ్ బ్లాంకెన్‌షిప్ అన్న బెన్స్ 1847లో ఒక పారిపోయిన బానిసను నది కావలి బురదలంకలో దాచి, బహుమానపు డబ్బునకు ఆశపడక, వారముల తరబడి తిండి మోసికొనిపోయెను. ఊరిలో కడపటి తరగతికి చెందిన త్రాగుబోతు ఇంటి కుర్రవాడు! కాని ఆ పారిపోయినవాడు బ్రతుకలేదు. తరుముకొనివచ్చిన వారి వలన నీట మునిగెను. కొలది దినములకు ఆ దేహము శామ్యూల్, అతని నేస్తముల కంటబడినది. పుస్తకములో మాత్రము జిమ్ కు స్వేచ్ఛ లభించును.

బడికి పోవు రోజులలో బానిసత్వము తప్పని తనకు తోచలేదని మార్క్ ట్వైన్ దాపరికము లేక వ్రాసెను. ఎవరును తప్పనలేదు, పత్రికలు అనలేదు, గుడిలో గురువు దేవుని ఆజ్ఞయే అనెను. ఇంట పని చేయు శాండీ అను చిన్న బానిస పిల్లవాడు రోజంతయు పాడుచుండగా విసిగి, వానిని నోరు మూయింపుమని తల్లిని అడిగెను. ఆ తల్లి కంట నీరు పెట్టుకొని, వాడు పాడుచున్నపుడు తన తల్లిని మరచియున్నాడని, నిశ్శబ్దముగా నున్నపుడు తలచుకొనుచున్నాడని తనకు భయమని చెప్పెను. ఇక ఆ పాట తనకు బాధ కలిగింపలేదని వ్రాసికొనెను.

ఇచ్చట మన దేశమునకు ఒక ముడి కలదు. అప్పులు తీర్చుటకు ప్రపంచయాత్ర చేయుచు ఉపన్యాసములిచ్చిన మార్క్ ట్వైన్ 1896 జనవరిలో బొంబాయిలో దిగెను. కాశీ, కలకత్తా, డార్జిలింగు, లాహోరు మొదలగునవి తిరిగి, పోవుచు మద్రాసులో ఒక దినము ఆగెను. బొంబాయి హోటలులో ఒక బలిష్ఠుడైన జర్మను దొర, తలుపు సరిచేయుచున్న సేవకుని ఏ కారణమును చెప్పకయే దవడపై కొట్టుట అతడు చూచెను. ఆ సేవకుడు మారుమాట పలుకక, ముఖమున కోపమైనను చూపక, పని చేసికొనిపోయెను. ఆ ఒక్క దెబ్బతో ఏబది సంవత్సరముల వెనుకటి హానిబల్ కండ్ల ముందు నిలిచినదని 1897 నాటి తన యాత్రాగ్రంథములో వ్రాసెను. తనను ఎన్నడో కాని కొట్టని సౌమ్యుడైన తండ్రి, లూయిస్ అను బానిస కుర్రవానిని చిన్న పొరపాటులకే చెంపకాయలు కొట్టెడివాడని జ్ఞప్తికి వచ్చినది. తాను పదేండ్ల వాడై యుండగా, పని మెలకువగా చేయనందుకు ఒకడు బానిస తలపై ఇనుపరాతిగడ్డ విసరగా వాడు గంటలో ప్రాణము విడిచిన సంగతియు జ్ఞప్తికి వచ్చినది. కొట్టుటకు యజమానికి హక్కు కలదని తెలిసియు, అది తప్పని తనకు ఏలనో తోచినదట. ఎందుకు తప్పో చెప్పుమన్న చెప్పలేకపోవుదునని కూడ వ్రాసెను. హానిబల్ లో దొరకని ఆ జ్ఞాపకము అతనికి మన దేశమున దొరకినది. మనమందులకు గర్వింపవలెనో సిగ్గుపడవలెనో నాకు తోచలేదు.

బయటకు వచ్చిన పిదప మనుమరాలు అడిగిన ప్రశ్న ఇది: "తాతయ్యా, మీరు క్లాసులో ఇదంతా చెప్పేవారా?" చెప్పలేదు. మా సంక్షిప్త ప్రతిలో దడి ఉండెను, గుహ ఉండెను, నిధి ఉండెను. బానిసలున్న ఊరని ఒక్క వాక్యమైనను ఉండెనో లేదో నాకు గుర్తు లేదు. ఉన్నను నేను ఆగి చెప్పియుండను. పరీక్షలో ఆ ప్రశ్న రాదు గదా! అమెరికాలోను ఈ చిక్కు తీరలేదు. 1885లో కాంకర్డు గ్రంథాలయము మొరటు పుస్తకమని 'హకల్‌బెరీ ఫిన్'ను బహిష్కరించినది. తరువాతి కాలమున, నల్లవారిని కించపరచు మాట అందులో వందలమారులు వచ్చుచున్నదని అభ్యంతరములు లేచినవి. 2011లో ఆ మాటను తొలగించి బానిస అను మాటను పెట్టిన ముద్రణ ఒకటి వచ్చినది. మాటను తీసివేసినచో దెబ్బను కూడ తీసివేసినట్లే యని నా అభిప్రాయము. అయినను, తరగతిలో ఒక్క నల్లపిల్ల కూర్చుండియుండగా ఆ మాటను బిగ్గరగా చదువుట నా వలన కాదు. 2024లో పెర్సివల్ ఎవరెట్ అను నల్లజాతి రచయిత జిమ్ నోటనే ఆ కథ చెప్పించి 'జేమ్స్' అను నవల వ్రాసెను. దానికి మరుసటి ఏట పులిట్జరు బహుమతి వచ్చినది. రెండు పుస్తకములను ప్రక్క ప్రక్కన పెట్టి చదివించు ఉపాధ్యాయుడు అదృష్టవంతుడు.

తిరుగు ప్రయాణమున కొంత చుట్టుదారియైనను ఫ్లోరిడా అను పల్లెను చూచితిమి. 1835 నవంబరు 30న మార్క్ ట్వైన్ పుట్టిన ఊరది. నూరుమంది ఉన్న ఊరి జనాభాను తాను పుట్టి నూటికి ఒకటి చొప్పున పెంచితినని ఆయన చమత్కరించెను; ఇప్పుడు అచ్చట ఊరనదగినది దాదాపు లేదు. పుట్టిన రెండు గదుల ఇంటిని ఎత్తి తెచ్చి ప్రదర్శనశాల భవనము లోపలనే నిలిపిరి. దానికి దగ్గరలో 'టామ్ సాయర్' చేతివ్రాత ప్రతి, ఇంగ్లండు ప్రచురణకై సిద్ధము చేసినది, అద్దము క్రింద కలదు. ముప్పది ఏండ్లు చెప్పిన పాఠము ఒకనాడు ఇట్లు సిరా ఆరని కాగితమై యుండెనని తలచి అచ్చటనే నిలిచితిని. అల్లుడు రెండుమారులు గడియారము చూచెను గాని, తొందరపెట్టలేదు.

కారులో నా సంచిలోని తెనుగు 'టామ్ సాయర్'ను తీసి దడి ఘట్టమును మనుమరాలికి చదివి వినిపించితిని. ఆమెకు తెనుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. "వెల్ల అంటే ఏంటి తాతయ్యా?" అని అడిగినది. సున్నపు బట్టీ నుండి తెచ్చిన రాళ్లను తొట్టిలో వేసి నీరు పోయగా బుసబుస పొంగుటయు, అందులో కొంచెము నీలిమందు కలుపుటయు, సంక్రాంతికి ముందు ఇల్లంతయు ఆ వాసన నిండుటయు చెప్పితిని. "మీ ఇంటికి ఎవరు వేసేవారు? మీరా?" అని అడిగినది. కాదు, ప్రతి ఏట పుష్యమాసములో ఒక ముసలివాడు నిచ్చెన, కుంచె భుజాన వేసికొని వచ్చెడివాడు; దొడ్డిలోనే అన్నము తినిపోయెడివాడు, అని చెప్పితిని. అతని పేరేమిటని అడిగినది.

కారు బౌలింగ్ గ్రీన్ దాటువరకును ఆలోచించితిని.